కొసరు రాసిచ్చిన ఒప్పందం

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు గానీ, నా అంత శ్రద్ధగా, స్టాంపు కాగితం కొని, సొంత దస్తూరితో, సాక్షి సంతకం పెట్టించి మరీ చేసినవాళ్లు మా కడపలో ఇంకొకరు ఉంటారని నేననుకోను. అదీ ఒకసారి కాదు, ఒకే మిల్లుతో, ఒకే పనికి, రెండుసార్లు. మొదటిసారి బేరం నేనే గెలిచానని బస్సు దిగి అరకిలో జిలేబీ కట్టించుకుని ఇంటికి వెళ్లాను. రెండోసారి ఇంకా గట్టిగా గెలిచాను గానీ, అప్పటికి కొంచెం బుద్ధి వచ్చి ఏమీ కొనలేదు.

ఇదంతా మరిచిపోయాననే అనుకున్నాను. నిన్న సాయంత్రం, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులు నడిపే మా మేనల్లుడు ఫోనులో నలభై పేజీల అగ్రిమెంటు పంపి, మధ్యలో మార్పుల గురించి రాసిన భాగం మాత్రం చూసి చెప్పు మామా, పని చేయించుకునేవాళ్లు సంతకం పెట్టడానికి భయపడతాండారు అన్నాడు. ఆ భాగం రెండుసార్లు చదివాను. తర్వాత కూర్చోలేకపోయాను. మిద్దెమీద ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతుంటే మా ఆవిడ కింది నుంచి, మళ్లీ ఏం సంతకం పెట్టినావు అని అడిగింది. ఆమెకు నా నడక తెలుసు.

మాది బట్టల అంగడి. మా నాయన గజం బద్దతో గుడ్డ కొలిచి, కత్తెర పెట్టే ముందు నాలుగు వేళ్లు ముందుకు జరిపేవాడు. ఆ నాలుగు వేళ్లే కొసరు. దాని కోసమే మనుషులు పక్క అంగడి దాటి మా దగ్గరికి వస్తారని ఆయన నమ్మకం. కొసరు మనం ఇయ్యాల, వాళ్లు తీసుకోగూడదు అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నేను గల్లా పక్కన కూర్చుని బేరం నేర్చుకున్నాను, ధర పలకడం నేర్చుకున్నాను, గిరాకీ మెట్టు దిగేదాకా ఆగి వెనక్కి పిలవడం నేర్చుకున్నాను, ఆ మాటలో రెండో సగం మాత్రం వినలేదు.

తర్వాత చదువుకుని, హైదరాబాదులో కొన్నేళ్లు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసి, ఒక చోట నిలవలేని నా స్వభావం వల్ల కడపకు తిరిగొచ్చి, ఐదుగురితో చిన్న ఆఫీసు పెట్టాను. మాకు దొరికిన మొదటి పెద్ద పని మంగంపేట దగ్గర ఒక ముగ్గురాయి, అదే బెరైటీస్, పొడి చేసే మిల్లుది. లారీలు కాటా ఎక్కి దిగే లెక్కంతా కంప్యూటరులోకి రావాలి. కాగితం మీద తూకానికీ లారీలో తూకానికీ పొంతన లేక అక్కడ రోజుకొక కొట్లాట.

అప్పుడే మా వృత్తిలో కొత్త పద్ధతి గట్టిగా పట్టుకుంది. అజైల్ అంటారు. నా ఈడువాళ్లకు చెప్పాలంటే, ఇల్లంతా కట్టి తాళం చేతికిచ్చే బదులు, ఒక గది కట్టి, అందులో కాపురముండమని, వాళ్లు చెప్పినదాన్ని బట్టి రెండో గది కట్టడం లాంటిది. పదిహేను రోజులకొక విడత. పని చేసేవాడికి సుఖంగానే ఉంటుంది గానీ, చేయించుకునేవాడు దేని మీద సంతకం పెట్టాలో తెలియక కొట్టుకుంటాడు.

మిల్లు పెద్దాయన నోరు తెరిచి అడిగిందే అది. రైతు కుటుంబం, మెట్ట సేద్యం వదిలి మిల్లు పెట్టినవాడు, తెల్లటి రాతిపొడి పేరుకున్న ఆఫీసు గదిలో నా ముసాయిదా కాగితం తిప్పి తిప్పి చూసి, "ఏం చేస్తావో రాయవు, ఎప్పటికైతాదో రాయవు, దుడ్డు మాత్రం అచ్చంగా రాస్తివి. ఇదేం కాగితమప్పా?" అన్నాడు. నేను పద్ధతి గొప్పతనం ఎత్తుకున్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ముందు వచ్చినవాడి సంగతి చెప్పాడు. వాడు చేసేవన్నీ వరసబెట్టి రాసిచ్చాడట, రాసినవన్నీ చేశాడట. "మాకు పనికొచ్చేది దాంట్లో ఒగటీ లేదు. రాస్తే వాని మాదిరి రాసిందే చేస్తావు. రాయకపోతే అదీ చెయ్యవు. నేను యాడికి పోవాల?"

ఆ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే బాగుండేది. మనిషి భయం చెప్పుకుంటుంటే నాకు మాత్రం అది ధర తగ్గించే ఎత్తులాగా వినిపించింది. అంగట్లో పెరిగినవాడికి అదొక జబ్బు. ధర దించకుండా నోరు మూయించాలంటే ఏం చెయ్యాలో నాకు తెలుసుననుకుని, కాగితం కింద ఒక వాక్యం కలిపాను: ఆరు విడతల్లో, చూపించిన ప్రతిసారీ మీరడిగే చిన్న చిన్న మార్పులు కొసరుగా చేసిపెడతాం, సగం సొమ్ము ఇప్పుడు, మిగతా సగం ఆరూ ముగిసి మీరు చాలన్నాక ఇవ్వండి. ఆయన ఇంకొకసారి చదివించుకుని సంతకం చేశాడు. జిలేబీ ఆ సాయంత్రానిదే.

చిన్నదంటే ఎంతో నేను రాయలేదు. మొదటి శనివారం చూపిస్తే, కన్ను ఆనలేదు, అక్షరాలు పెద్దవి చెయ్యమన్నాడు. రెండోసారి, రాహుకాలంలో బిల్లు కొడితే తెర మీద ఎర్రగా కనపడాలన్నాడు. నవ్వుకుంటూనే చేశాం. తర్వాత డ్రైవర్ల అడ్వాన్సు పుస్తకం, ఆ తర్వాత తమ్ముడి ట్రాక్టర్ల డీజిలు. "చిన్నదే కదప్పా" అనేవాడు, కాగితం జేబులోంచి తీసి మడత విప్పుతూ. అందులో మోసమేమీ లేదు, నేనిచ్చిన మాటే అడిగేవాడు. వానల్లో మొదలుపెట్టిన పని కార్తీకం వచ్చినా నాలుగో విడత దాటలేదు. నాకు ఇంట్లో నిలవదు, ఆఫీసులో నిలవదు. పని లేకపోయినా మంగంపేట బస్సెక్కి మిల్లుకు వెళ్లి, అక్కడ ఏమీ తోచక, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చేవాణ్ణి. చెప్పులకు అంటిన తెల్ల పొడిని మా ఆవిడ గడప బయటే దులిపేది.

ఆ కొసరంతా చేసింది మా ఆఫీసులో అందరికన్నా చిన్నదైన, కోసిగి అనే ఊరి నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. వాళ్ల అమ్మానాన్నలు ఏటా చేను ఎండిపోయాక, కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, లారీలో గుంటూరు దిక్కు మిరపకోతకు పోయి, మూడు నాలుగు నెలలు గుడిసెల్లో ఉండి వచ్చేవాళ్లు. మిల్లు పని ముగిసిన రోజు నీ ఉద్యోగం ఖాయం చేస్తానని నేను మాటిచ్చాను. ఆ మాట మీద ఆమె ఈ ఏడు ఇంటిపట్టునే ఉండండని వాళ్లకు చెప్పుకుంది. ఒక పొద్దున నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, మేస్త్రీ మా ఇంటికాడికి వచ్చినాడంట, అడ్వాన్సు తీసుకుంటారా లేదా అని. నాయనకు ఏం చెప్పమంటారు?" అని అడిగింది. పెద్దాయన చాలనకపోతే రెండు నెలల తర్వాత ఆమెకు జీతమివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను తల ఎత్తకుండానే, వద్దని చెప్పు అన్నాను.

అదే రోజు మంగంపేట బస్సెక్కాను. మిల్లులో పెద్దాయనతో గంటసేపు వాదించాను. ఆయన కాగితం చూపిస్తాడు, నేను న్యాయం మాట్లాడతాను. కాటా దగ్గర తూకాలు రాసే గుమాస్తా, ఊరంతా భాయ్ అని పిలిచే పెద్దమనిషి, సంతకాలకు చీటీలు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. పెద్దాయన చీటీ అందుకోగానే భాయ్ మెల్లగా, "లారీ మోసేది ఇంతేనని తెలుసు కదా సామీ. పైన ఇంగో మూట ఎక్కించాలంటే ఈడ ఒగ మూట దించాల్సిందే. లేకుంటే చెక్‌పోస్టులో ఫైను కట్టేది మనమే" అన్నాడు. పెద్దాయన పెన్ను ఆపి, "నువ్వు యాపక్కరా భాయ్?" అన్నాడు. "కాటా పక్క" అన్నాడాయన.

నేను అన్నేళ్లు చదివిన పుస్తకాల్లో ఉన్నది అదే, కానీ ఏ పుస్తకమూ పెద్దాయనకు అర్థమయ్యేలా చెప్పలేదు. వెంటనే కొత్త కాగితం రాశాం. మిగిలిన పని నాలుగు లారీల లోడు. కొత్త కోరిక ఒకటి ఎక్కితే అంతే బరువున్న పాతది ఒకటి దిగాలి. ఏ లోడు సొమ్ము ఆ లోడుకు. అంతా బాగుంది, పెద్దాయన పెన్ను మూత తీశాడు. అప్పుడు మళ్లీ ఆగి, మధ్యలో నీకు చిక్కుకుంటే నా గతేంది అన్నాడు. అది కూడా అసలైన భయమే. దానికీ నాలోని అంగడివాడే జవాబిచ్చాడు: ఏ లోడు తర్వాతైనా చాలనిపిస్తే ఆపెయ్యండి, అంతవరకు ఇచ్చి పంపెయ్యండి, నష్టపరిహారం అడగం. సగం కుట్టిన చొక్కా వదిలి పోయే గిరాకీని నేనెప్పుడూ చూడలేదు. ధైర్యంగా రాసిచ్చాను.

దించితేనే ఎక్కేదని తెలిశాక పెద్దాయన మారిపోయాడు. అంతవరకు అన్నీ కావాలన్న మనిషి ఒక్కొక్కటీ చేతిలో తూచి చూడసాగాడు. డీజిలు పుస్తకం దించేశాడు, అడ్వాన్సులు దించేశాడు, రాహుకాలం మాత్రం అట్టిపెట్టుకున్నాడు. రెండో లోడు చూపించిన రోజు కాటా దగ్గర కొట్లాటలు ఆగిపోయి వారమైంది. తాంబూలం పళ్లెంలో సొమ్ము పెట్టి, నిలబడి ఇచ్చి, "శానా బాగ చేసినావప్పా. నాకు కావాల్సింది అయిపోయింది. ఇంగ చాలు" అన్నాడు. పద్ధతి నూటికి నూరుపాళ్లు పనిచేసింది. పని చేయించుకున్నవాడికి తృప్తి కలిగింది, అక్కరలేని పని ఆగింది, ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. నేను జీతాలకు లెక్కపెట్టుకున్న మిగతా రెండు లోడ్లు గాలిలో కలిసిపోయాయి. కాగితం తీసి చూసుకోవలసిన పని కూడా లేదు, దస్తూరి నాదే.

కోసిగి అమ్మాయికి రెండు నెలల జీతమూ, మంచి ఉత్తరమూ ఇచ్చి పని మాన్పించాను. విషయమంతా చెప్పాను, క్లాజులతో సహా, ఏదో నన్ను సమర్థించుకోవడానికన్నట్టు. ఆమె రెండు కాగితాలూ ఓపిగ్గా చదివి తిరిగిచ్చి, "కాగితం బాగానే ఉండాది సార్. దాంట్లో నేనే లేను" అంది. కోపంగా అనలేదు, ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికిపెట్టడం ఆమె పని గనక అంది. అప్పటికి మేస్త్రీ మా మాట విని వెళ్లిపోయాడు. వాళ్ల నాన్న వెనకాలే పోయి, ముందు ఇస్తానన్న దానికన్నా తక్కువ అడ్వాన్సుకు ఒప్పుకుని, అమ్మా నాన్నా ఇద్దరూ గుంటూరు లారీ ఎక్కారు. అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం దొరకడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు బాగా ఉంది, అప్పుడప్పుడు ఫోను చేస్తుంది, ఆ సంగతి ఎత్తదు.

మేనల్లుడి నలభై పేజీల్లో అన్నీ ఉన్నాయి. ఒకటి ఎక్కితే ఒకటి దిగాలన్నది ఉంది, మధ్యలో ఆపితే మిగిలిన సొమ్ములో కొంత ఇచ్చి ఆపాలన్నది కూడా ఉంది. మేం దెబ్బలు తిని నేర్చుకున్నదంతా చక్కగా అచ్చులో ఉంది. భయాలు కూడా పేజీల్లోకి వెళ్లిపోయాయి, ఇదేం కాగితమప్పా అని ఎదురుగా కూర్చుని అడిగే మనిషి లేడు, గుమ్మంలో నిలబడి వినే భాయ్ లేడు. మా మేనల్లుడు ఆ భయపడేవాళ్ల ముఖాలు తెర మీద తప్ప చూడలేదట. ఈ పని మధ్యలో ఆగితే మీ ఆఫీసులో ఎవరు ఇంటికి పోతారో ముందు వాళ్ల పేర్లు రాసుకోమని జవాబు పంపాను. బొటనవేలి బొమ్మ ఒకటి తిరిగొచ్చింది.

ఇక బిల్లు. పెద్దాయన నాకు పైసా బాకీ లేడు, నేనూ ఆయనకు లేను. ఐదు నెలల కొసరు నా తెలివికి నేను కట్టుకున్న రుసుము, అది చెల్లిపోయింది. రెండు బేరాలూ నేనే గెలిచాను, అది కూడా రాసుకోవచ్చు. మిగిలింది, తల ఎత్తకుండా అన్న ఒక మాటకు కోసిగిలో ఇద్దరు మనుషులు తక్కువ అడ్వాన్సు మీద కోసిన ఒక మిరపకాలం. అది నా పేరు మీదే ఉంది, ఇంకా కట్టలేదు.