నవంబరులో అన్ని టమోటాలు ఎక్కడివి?

ఇరవై ఏళ్ల వయసులో మనిషికుండే ధైర్యంలో సగం, తెలియకపోవడం వల్ల వచ్చేదేనని ఇప్పుడనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో అదంతా నా ప్రతిభే అనుకునేదాన్ని. కుప్పంలో టీవీ జర్నలిజం చదువుతున్నాను. మా క్లాసులో ఇంకెవరికీ మౌస్ పట్టుకుని నిలకడగా గీత గీయడం రాకపోవడంతో, నాకు నేనే 'గ్రాఫిక్స్ విభాగం' అని పేరు పెట్టుకున్నాను. ఆ విభాగంలో నేనూ, ఒక పాత కంప్యూటరూ, అది వేడెక్కకుండా విసరడానికి ఒక అట్టముక్కా ఉండేవాళ్లం. స్టూడియో అంటే మీరు ఏమేమో ఊహించుకోవద్దు. అది ఒకప్పుడు సామాన్లు పడేసుకునే గది. బయటి చప్పుళ్లు వినపడకుండా గోడలకు గోనెసంచులు కొట్టారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. అయినా రైలు వెళ్లినప్పుడల్లా ఏ కార్యక్రమమైనా ఒక నిమిషం ఆగాల్సిందే.

మొదటి సంవత్సరం చివర మేమంతా కలిసి అరగంట స్టూడియో కార్యక్రమం చేసి చూపించాలి. అదే పరీక్ష. లైవ్ పద్ధతిలోనే తీయాలి, మధ్యలో ఆపకూడదు. ఏది జరిగితే అదే టేపు మీదికెక్కుతుంది. ఈ నియమం పెట్టింది ఎవరో కాదు, ఏడాది పొడుగునా మేం నోరు తెరిస్తే చాలు 'కట్' అని అరిచి, ఆ పేరే సార్థకం చేసుకున్న మా కట్ సారు. "ఆ అరగంటలో నా నోట్లోంచి ఆ మాట రాదు" అని మా అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నారు. మేం టమోటా రైతుల మీద కార్యక్రమం అనుకున్నాం. బి.కొత్తకోట నుంచి వచ్చిన నా స్నేహితురాలు యాంకరు. (ఆమెను మేం ఊరి పేరుతోనే కొత్తకోటా అని పిలిచేవాళ్లం.) గ్రాఫులు నావి.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. మాది పెద్దపంజాణి పక్కన ఒక పల్లె, టమోటా తప్ప ఇంకో పంట మాటెత్తని ఇల్లు. పుంగనూరులో ఇంటర్, డిగ్రీ అయ్యేదాకా నా చదువుకు నాయన అడ్డు చెప్పలేదు. ఈ టీవీ చదువు మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. "బొమ్మలు గీసేదానికి కాలేజీ యాల పాపా? అది ఎవురికి పనికొస్తాది?" అని అడిగేవాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక. నేను చెప్పిన జవాబులేవీ ఆయనకు ఎక్కలేదు. చివరికి ఒక మాట మీద నిలబడ్డాం. పరీక్ష రోజు వచ్చి నేను చేసే పనేమిటో కళ్లారా చూస్తాడు. పనికొచ్చేదే అనిపిస్తే రెండో సంవత్సరం చదువుకోవచ్చు. లేదంటే మాట్లాడకుండా మదనపల్లిలో బీఎడ్‌లో చేరాలి. నేను సరేనన్నాను. నాయన నోరు తెరిచి ఆశ్చర్యపోవడం అప్పుడే నా కళ్లకు కట్టింది.

ఆ గ్రాఫు కోసం నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మదనపల్లి మార్కెట్ యార్డుకు మూడుసార్లు వెళ్లి, గడిచిన ఏడాదిలో ఏ నెల ఏ ధర పలికిందో రాసుకున్నాను. చూడగానే విషయం అర్థమయ్యేటట్టు గ్రాఫు ఉండాలని కట్ సారు పాఠం చెప్పారు గదా, అందుకని మామూలు గీతలు వద్దనుకున్నాను. టమోటా ధరను టమోటాలతోనే చూపించాలి! మా తోటలోంచే ఒక కాయ ఏరి తెచ్చి, ఫొటో తీసి, కంప్యూటర్లో దాని తొడిమ చుట్టూ మౌస్‌తో కత్తిరించడానికే రెండు రోజులు పట్టింది. తరవాత ఆ ఒక్క కాయనే ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. ధర ఎక్కువున్న నెలకు ఎక్కువ కాయలు, తక్కువున్న నెలకు తక్కువ. ఏప్రిల్‌లో ధర పడిపోయింది, రెండే కాయలు. నవంబరులో ఆకాశానికంటింది, అక్కడ పెద్ద గోపురమే లేచింది. పైన 'నెలవారీ టమోటా ధర' అని శీర్షిక. తెరలో ఒక సగం గ్రాఫు, ఇంకో సగం మాట్లాడే రైతు ముఖం. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానంటే, హాస్టల్ వార్డెన్‌ను కూడా పిలుచుకొచ్చి చూపించాను.

ఆ రోజు రానే వచ్చింది. మార్కులు వేయడానికి వేరే ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రావాల్సిన రైతు మాత్రం రాలేదు. ఆ ఉదయమే మోటారు కాలిపోయిందట. కట్ సారు ముఖం వాడిపోయింది. చుట్టూ చూశారు. తలుపు పక్కన తెల్ల పంచె కట్టుకుని, చెప్పులు బయట విడిచి (ఎవరూ విడవమనలేదు) నిలబడి ఉన్న మా నాయన కనిపించాడు. "అప్పా, మీరు టమోటా వేస్తారా?" అని అడిగారు. "అది తప్ప ఇంగేం ఏస్తాము సార్" అన్నాడు నాయన. రెండు నిమిషాల్లో ఆయన చొక్కాకు మైకు తగిలించి కుర్చీలో కూర్చోబెట్టారు. అద్దానికి ఇవతల, మా కంట్రోల్ రూంలో, నేను గ్రాఫును ఇంకోసారి తెరిచి చూసుకున్నాను. ఇక నా పనిని ఆయన తలుపు దగ్గర నిలబడి చూడడం కాదు, దాని పక్కనే కూర్చుని చూడబోతున్నాడు.

మొదటి పది నిమిషాలు బాగానే గడిచాయి. కొత్తకోట కంఠస్థం చేసుకొచ్చిన ప్రశ్నలు అడుగుతోంది. నాయన పొలం గట్టు మీద మాట్లాడినట్టే జవాబులు చెబుతున్నాడు. "ఇప్పుడు గత ఏడాది ధరలు ఎలా ఉన్నాయో చూద్దాం" అంది కొత్తకోట. నేను మీట నొక్కాను. నా గ్రాఫు తెర మీదికి వచ్చింది. స్టూడియోలో ఉన్న టీవీలోనూ అదే బొమ్మ. నాయన దానివైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. ఆయన ఆశ్చర్యపోతున్నాడని నేను అనుకున్నాను. ఆశ్చర్యపోయిన మాట నిజమే.

"ఏమ్మా, నవంబర్లో అంత కాయ యాడొచ్చింది?" అన్నాడు. "వానకి తోటలన్నీ కుళ్లిపాయె. మార్కెట్లో కాయే లేదు. ఈడ జూస్తే కొండ మాదిరి పోసిండారు!"

కొత్తకోట నవ్వు ఆపకుండానే, "అవి కాయలు కాదండీ, ధర" అంది.

"కాయలు కాకుంటే ఏంది? తొడిమతో సహా అగుపిస్తాండాయి గదమ్మా. అంత కాయ వస్తే రేటుంటాదా? సూడు, ఏప్రిల్లో రెండే కాయలు పెట్టిండారు. ఆ నెల తెంపేదానికి మనుషులు దొరక్క, తెంపినవి కొనేవాళ్లు లేక, రోడ్డు పక్కన పారబోస్తిమి. ఇది ఎవురో తోట మొగం సూడనోళ్లు చేసింది."

ఆ తోట మొగం చూడని దాన్ని నేనే. ఏప్రిల్ నెలంతా మూడు పూటలా టమోటా పచ్చడి, టమోటా పప్పు, టమోటా రసం తిని, ఇంకొక్క టమోటా కనిపిస్తే ఏడుస్తానని అమ్మతో పోట్లాడింది నేనే. మా ఇంట్లో కుప్ప పెరిగిందంటే నాయన ముఖం చిన్నబోయేది. ఆ సంగతి పుట్టినప్పటి నుంచి చూస్తూ కూడా, కాలేజీకి వచ్చి గ్రాఫు నేర్చుకునేసరికి సుబ్బరంగా మరిచిపోయాను. పక్కన స్విచ్చుల దగ్గర కూర్చున్న ఇంకో స్నేహితురాలు, గ్రాఫు తీసేసి కెమెరా బొమ్మ వేయడానికి చెయ్యి చాపింది. గ్రాఫు తీసేస్తే పరువు దక్కుతుంది, తెలుసు. కానీ అది తెర మీద ఉంటేనే నాయనకు స్టూడియో టీవీలో కనబడుతుంది, కనబడితేనే తప్పెక్కడుందో చెబుతాడు. ఇప్పుడు దాచేస్తే 'అది ఎవురికి పనికొస్తాది' అని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేనట్టే. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "తీసేస్తే ఊరుకోను" అన్నాను. కట్ సారు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు.

మైకులో కొత్తకోట చెవిలోకి చెప్పాను: "ఎరువుల ప్రశ్నలు వదిలెయ్. ఏ నెల ఎంత కాయ వచ్చిందో ఒక్కొక్క నెలే అడుగు." ముందు శీర్షిక చివర 'ధర' అన్న మాట చెరిపేశాను. 'నెలవారీ టమోటా' మిగిలింది, అదీ నిజమే. తరవాత నవంబరు గోపురం మీది నుంచి ఒక్కొక్క కాయా తీయసాగాను. నా మౌస్ బాణం అందరి కళ్లముందే తెరమీద అటూ ఇటూ పరుగెడుతోంది.

"అబ్బ! కాయలు తగ్గుతాండాయే!" అన్నాడు నాయన.

"గ్రాఫిక్స్ విభాగం వారు సరిచేస్తున్నారండీ" అంది కొత్తకోట.

"విభాగం ఏందమ్మా, అది మా పాపే గదా! పాపా, ఇంగా తియ్. ఇంగా. ఆఁ, రెండు చాలు. అవీ సగం కుళ్లినవే." (కుళ్లిన కాయ బొమ్మ నా దగ్గర లేదు. ఉంటే పెట్టి ఉండేదాన్ని.)

అక్కడి నుంచి ఆ కార్యక్రమం మా ఇంటి వసారాలో జరిగే మాటల మాదిరి అయిపోయింది. జనవరికి నాలుగు పెట్టమన్నాడు, పెట్టాను. మార్చికి ఇంకొంచెం అన్నాడు, పెట్టాను. కొత్తకోట మధ్యలో ఏదో అడగబోతే, "ఉండమ్మా, పాప పని సేస్తాండాది" అన్నాడు. ఏప్రిల్ దగ్గరికి వచ్చేసరికి, "ఏసుకుంటా పో, నేను సెప్పేదాకా ఆపొద్దు" అన్నాడు. వేస్తూనే ఉన్నాను. పాత కంప్యూటరు రొప్పింది. నేను ఒక చేత్తో అట్టముక్క విసురుతూ ఇంకో చేత్తో కాయలు పేర్చాను. వరస పైకెక్కి శీర్షికను దాటింది. ఇక పైన చోటు లేక పక్కకు పేర్చితే, ఒక కాయ తెర సగం దాటి సరిగ్గా నాయన భుజం మీద కూర్చుంది. "ఆఁ, ఇప్పుడు సరిపాయె" అన్నాడాయన. అంతలో రైలు వచ్చింది. అరగంట అయిపోయింది.

బయటి నుంచి వచ్చిన పెద్దాయన మౌస్ బాణం కనిపించినందుకు, శీర్షిక మీద టమోటాలు ఎక్కినందుకు నాకు మార్కులు బాగానే కోశారు. పోతూ పోతూ నాయనను, "ఈ గ్రాఫు మీకు అర్థమైందా?" అని అడిగారు. "నాకు అర్థమయ్యేదేముంది సార్, నేను సెప్పిందే గదా అది" అన్నాడు నాయన. కట్ సారు అప్పటికి గానీ రుమాలు తీయలేదు. తీసి, "కట్" అన్నారు, ప్రాణం లేచొచ్చినట్టు.

నాయనను బస్సెక్కించడానికి ఇద్దరం బస్టాండుకు బయల్దేరాం. నేను మనసులో బీఎడ్ పుస్తకాలు సర్దుకుంటూ నడిచాను. మార్కులు పోయాయి, పరువు పోయింది, తప్పు పట్టింది స్వయంగా తీర్పు చెప్పాల్సిన మనిషే. పలమనేరు బస్సు కదిలే ముందు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇంగోతూరి సేసేటప్పుడు ముందుగానే నాకు సూపించు పాపా" అన్నాడు. బస్సు మలుపు తిరిగాక గానీ 'ఇంగోతూరి' అన్న మాట, అంటే ఇంకోసారి కూడా ఉందన్న సంగతి, నా బుర్రకెక్కలేదు. అక్కడే, పూల దుకాణం ముందు నిలబడి ఏడ్చాను. పూలమ్మే ఆమె భయపడి నీళ్లిచ్చింది.

ఇప్పుడు బెంగళూరులో నా కింద ఆరుగురు గ్రాఫులు గీస్తారు. కంప్యూటర్లు రొప్పవు, బాణాలు కనబడవు. పోయిన నెలలో పాత పెట్టెలు సర్దుతుంటే ఆ టేపు దొరికింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుని చూశాను. ఆ రోజు నా కళ్లన్నీ తెరలో కాయలున్న సగం మీదే. ఇంకో సగం చూడనే లేదు. ఈసారి ఆ సగమే చూశాను. నవంబరు గోపురం మీది నుంచి మొదటి కాయ మాయమైన క్షణంలోనే నాయన ముఖమంతా విప్పారింది. యాంకరునూ కెమెరానూ వదిలేసి, అద్దం వెనక నేనెక్కడున్నానో అని వెతుకుతున్నాడు. తీర్పు అప్పుడే అయిపోయింది. అద్దం వెనక ఉన్న ఆ ఇరవై ఏళ్ల పిల్ల మాత్రం, పాపం, దించిన తల ఎత్తకుండా, ఓడిపోయాననుకుంటూ, ఇంకా కాయలు లెక్కపెడుతూనే ఉంది.