నాయన చెక్కలు, నెట్ ఆలస్యం

పక్షవాతం వచ్చి తగ్గాక మా నాయన ఎడమ చెయ్యి చెప్పిన మాట వింటుంది, కాకపోతే కాస్త ఆలోచించుకుని వింటుంది. వేరే మనిషికైతే అది పెద్ద నష్టం కాదు. నాయన పెనుకొండలో చెక్కభజన గురువు. రెండు చేతుల్లో చెక్కలు పట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, గుండ్రంగా తిరుగుతూ అందరూ ఒక్క దెబ్బ కొట్టాలి. ఒక చెయ్యి వెనకబడితే ఊరంతా వింటుంది.

శిష్యులు మర్యాదస్తులు. వద్దనలేదు. కుర్చీ వేసి, మెడలో దండ వేసి, “మీరు కూచోండి సామీ, మేం కొడతాం” అన్నారు. నాయన ఆ దండ తీసి కుర్చీకే వేసి, హిందూపురంలో మా ఇంటికొచ్చి, టీవీలో వాతావరణ వార్తలు చూడడం మొదలుపెట్టాడు. మా వైపు వాతావరణంలో వార్త ఏముంటుంది? ఎండే.

అప్పుడు బెంగళూరు నుంచి ఒక మేడం వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు చోట్లా తెరలు పెట్టి, నెట్ ద్వారా అందరినీ ఒకే గుంపుగా ఆడిస్తుందట. ఒక ఊళ్ళో చెక్క మోగితే మిగతా రెండు ఊళ్ళలో లైటు వెలుగుతుంది. మా హిందూపురం తరఫున నలుగురు ఒప్పుకున్నారు. తీరా ఆ రోజు ముగ్గురు పెళ్ళికి పోయారు. నాలుగోవాడు పెళ్ళికొడుకు. ఆట పెట్టింది నేను పాఠాలు చెప్పే బడి హాల్లోనే. మేడం మొహం చూడలేక “మా నాయన ఉన్నాడు” అనేశాను.

నాయన ఒక్కడే తెర ముందు నిలబడ్డాడు. తెరలో తన శిష్యులు కనిపించగానే కండువా సర్దుకోవడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు. నాకు భయమేసింది. ఇప్పుడు తప్పితే మళ్ళీ చెక్కలు పట్టడు.

పాట మొదలైంది. ధర్మవరం దెబ్బ ఆలస్యంగా వచ్చింది. పెనుకొండది ఇంకా ఆలస్యం. “నెట్ లేటు! ఒకరి లైటు కోసం ఒకరు ఆగండి” అని మేడం అరిచింది. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఆ సాయంత్రం మద్దెల నిజంగానే ఓడు. అందరూ ఆగి ఆగి కొట్టారు. మూడు ఊళ్ళలోనూ ఆ పాటకు సరిగ్గా సరిపోయింది మా నాయన చెయ్యి ఒక్కటే.

అయిపోయాక పెద్ద శిష్యుడు ఫోన్ చేశాడు. “శనివారం భజనకు రాండి సామీ.”

“ఆడ నెట్ ఉండదు కదప్పా” అన్నాడు నాయన.

“మీరు రాండి సామీ.”

శనివారం నేనే తీసుకెళ్ళాను. కుర్చీ వేయలేదు. గుంపులో ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. మొదటి దెబ్బకే, అందరి చెక్కలూ మోగాక, నాయనవి విడిగా మోగాయి. ఆయన తల దించుకుని పక్కకు జరగబోయాడు.

పెద్ద శిష్యుడు చెయ్యెత్తాడు. “ఆగండప్పా! నెట్ లేటుగా ఉండాది.”

ఎవరూ నవ్వలేదు. చెక్కలు పైకెత్తి ఆగారు. నాయన ఎడమ చెయ్యి తన తీరికలో తాను పైకొచ్చింది. అప్పుడు అందరూ కలిసి కొట్టారు. నేను చెప్పులు విడిచిన చోటే నిలబడి ఏడ్చాను.