ఉరుకుందప్ప అర్జీ

ఆలూరు పక్క పల్లెలో సేద్యం చేసుకునే ఉరుకుందప్ప నెలకోసారి కొత్త రాజధాని కర్నూలుకు వచ్చేవాడు. ఆఫీసు డేరా ముందు గొంతుక్కూర్చుని, బడిపంతులు రాసిచ్చిన అర్జీని మోకాలిమీద పెట్టి అరచేత్తో సాపు చేసేవాడు. ఊరికి బస్సు, మూతబడ్డ దవాఖానాకు డాక్టరు కావాలని అందులో ఉండేది. గుమాస్తా ప్రతిసారీ "చూస్తాంలే" అనేవాడు.

ఈసారి ఉరుకుందప్ప కదల్లేదు. "మనదే సర్కారంటిరి. మా భీమమ్మ కానుపు కష్టమై, ఆలూరికి బండిలో పోతా దావలోనే సచ్చిపాయ. నా పెండ్లాము పేరు రాసుకో సామీ, పైవాళ్లు జవాబు చెప్పల్ల" అన్నాడు. "డాక్టరు లేక చచ్చిందని డాక్టరు సర్టిఫికెట్టేదీ?" అని అడిగాడు గుమాస్తా. "డాక్టరే లేడు గదప్పా!" గుమాస్తా విసుగ్గా అర్జీ లాక్కుని, "ఆధారం లేదు, తోసివేయడమైనది" అని రాసి చేతికిచ్చాడు. చదువురాని ఉరుకుందప్ప, ఆ అక్షరాలు భార్య పేరే అనుకుని, కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు.