వంకాయ రంగు ఎవరిది?

కమాల్ బాషాకు కంటపడిన ప్రతి వస్తువు రంగూ గట్టిగా అరిచి చెప్పకపోతే తిన్నది అరగదు. ఉత్త రంగు చెప్పి ఊరుకున్నా బాగుండేది. దాని చుట్టరికాలు కూడా విప్పేవాడు. రంగులన్నీ ఒక చక్రంలో కూర్చుని ఉంటాయట. పక్కపక్కనున్నవి అన్నదమ్ములు, ఎదురెదురుగా ఉన్నవి వియ్యంకులు. అన్నదమ్ములు ఒకరిలో ఒకరు కలిసిపోతారు, వియ్యంకులు ఎదురుపడితే ఇద్దరూ వెలిగిపోతారు. ఇదీ అతని శాస్త్రం.

ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రొద్దుటూరులో నా జిరాక్స్ షాపు పక్కనే అతను వెబ్‌సైట్లు చేసే షాపు పెట్టాడు. తోడు జమాల్. ఇద్దరూ చిన్నప్పటి నుంచి జతగాళ్లు, అంతకుముందు కలిసి గోడల మీద ఎన్నికల రాతలు రాసినవాళ్లు. జమాల్ మాటలు తక్కువ మనిషి. పేజీ పొందిగ్గా అమర్చడం అతని పని. రంగులు బాషావి, అరుపులూ బాషావే.

కూరగాయలమ్మే అక్కమ్మ అతన్ని చూస్తే గంప మీద గోనెపట్టా కప్పేది.

"అక్కమ్మా, ఎర్ర టమోటాల పక్కన నారింజ క్యారెట్లు పెడతావా? అన్నదమ్ములు! ఒకరినొకరు మింగేస్తాండారు. పచ్చ కొత్తిమీర పెట్టు, వియ్యంకుడు!"

"ముందు అరకిలో కొనప్పా. సంబంధాలు తర్వాత మాట్లాడుకుందాం."

ఒకసారి ముగ్గురం బస్సులో పులివెందుల పోయాం. కిటికీ పక్కన జమాల్, మధ్యలో బాషా, ఇటు నేను. ఊరు దాటిందో లేదో మొదలు. "అదిగో శనగచేను, ముదురాకుపచ్చ! పొద్దుతిరుగుడు, పసుపు! ఆ లారీ ఇటుకరాయి రంగు!" వెనక సీటు ముసలాయన తట్టుకోలేక లేచాడు. "మాకు గూడా కండ్లు ఉండాయి గదప్పా!" అన్నాడు. బాషా వెనక్కి తిరిగి, "నీ తలగుడ్డ కాషాయం, పెద్దాయనా" అన్నాడు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. మా వైపు ఎన్నికలంటే రంగుల పండగ కాదు, రంగుల గండం. కండువా రంగు చూసి నమస్కారమా, నాటుబాంబా తేల్చుకునే కాలం. రాజుపాలెం వైపు నాయకుడు పెద్దన్నకు తనకూ ఒక వెబ్‌సైట్ కావాలనిపించింది. అతని వర్గానిది పసుపు. ఎదుటి వర్గానిది చిలకపచ్చ.

"అంతా పచ్చగా ఉండాల" అని ఒక్క మాట చెప్పి పోయాడు పెద్దన్న.

బాషా పని మీద మైదుకూరు పోయిన పూటే పెద్దన్న మనుషులు వచ్చి, సైటు వెంటనే పెట్టమని జమాల్ నెత్తిన కూర్చున్నారు. జమాల్ పెట్టేశాడు. సాయంత్రానికల్లా షాపు ముందు జీపులు ఆగాయి. అప్పుడే బస్సు దిగి వచ్చిన బాషా తెర వంక చూశాడు. పెద్దన్న మొహం చుట్టూ చిలకపచ్చ నిగనిగలాడుతోంది.

"వాళ్ల రంగు నాకు పూసిందెవుర్రా?" పెద్దన్న అరిచాడు. జమాల్ గోడకు అతుక్కుపోయాడు.

బాషా అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "నేనే అన్నా. పచ్చగా ఉండాల అన్నావు. ఏ పచ్చో చెప్పినావా?"

"పచ్చ అంటే పసుపుపచ్చ గాదంట్రా?"

"చేను పచ్చగా ఉండాదంటే ఏందన్నా? పసుపుగా ఉంటే అది తెగులు గదా?"

జీపులోంచి దిగినవాళ్లలో సగం మంది 'అవును గదా' అన్నారు. మిగతా సగం 'మరి పచ్చకామెర్లు?' అన్నారు. వాళ్లలో వాళ్లకే వాదన మొదలైంది. పెద్దన్న కర్రతో నేల మీద కొట్టాడు.

"ముందు మార్చు! మా రంగు తప్ప ఇంకేదీ కనపడకూడదు!"

బాషా కిక్కురుమనకుండా కూర్చుని తెరంతా పసుపు చేశాడు. ఫొటోలో పెద్దన్నది పసుపు చొక్కా, పసుపు కండువా. అవి రెండూ వెనకున్న పసుపులో కలిసిపోయాయి. తలకాయ ఒక్కటే మిగిలి గాల్లో తేలుతూ నవ్వుతోంది.



"రేయ్," అన్నాడు పెద్దన్న సన్నగా, "నా మొండెం యాడ పోయిందిరా?"

"అన్నదమ్ములు గదన్నా, కలిసిపోయినారు."

"తీయ్‌రా సామీ! మా ఇంట్లోవాళ్లు చూస్తే గుండె ఆగిపోతాది. మొండేన్ని తెచ్చి పెట్టు!"

"వెనకాల పసుపుకు వియ్యంకున్ని పెట్టాలన్నా. వంకాయ రంగు."

పెద్దన్న అనుమానంగా చూశాడు. "వంకాయ రంగు ఎవురిది?"

"ఎవురిదీ కాదన్నా. వంకాయదే."

వంకాయ రంగు ముందు పసుపు చొక్కా దీపంలా వెలిగింది. పెద్దన్న తనను తాను అటునుంచీ ఇటునుంచీ చూసుకుని మురిసిపోయి, బాషా భుజం తట్టి జీపెక్కాడు.

మరుసటి రోజు జమాల్ నా షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"అప్పా, నిన్న తప్పు బాషాది కాదు. నాకు పసుపూ చిలకపచ్చా ఒకే మాదిరి కనపడతాయి. పుట్టుకతోనే అంతే. చెప్పేవాడు ఊర్లో లేకపాయె."

"మరి గోడలెట్లా రాసినావు?"

"వాడు డబ్బా చేతికిస్తా రంగు పేరు అరిచేవాడు. వాడు చెప్తేనే నాకు రంగు తెలుస్తాదని బయటపడితే పనెవురిస్తారు? ఈ ఊర్లో ఒక కుంచె తప్పుపడితే ప్రాణమే పోవచ్చు. నాకొక్కడికే చెప్తే జనం పసిగడతారని, అందరికీ చెప్పడం మొదలుపెట్టినాడు. ఇప్పుడు అందరూ వాన్నే పిచ్చోడంటాండారు, నన్నెవరూ ఏమీ అనరు."

బయట బాషా గొంతు వినిపించింది. టీకి పిలుస్తున్నాడు. ముగ్గురం వీధి చివరి టీ బంకు దగ్గరకు పోయాం. ఎదురుగా కొత్తగా రంగేసిన మిద్దె.

"ఆ మిద్దె చూడండి, లేత నీలం!" అన్నాడు బాషా.

నాకూ సాయం చేయాలనిపించింది. గొంతు పెంచాను. "కాదప్పా, అది నెమలికంఠం రంగు!"

"నెమలిని చూసినావా నువ్వు ఎప్పుడన్నా? నీలం!"

"నెమలికంఠం!"

బంకు దగ్గరున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. జమాల్ టీ ఊదుకుంటూ అన్నాడు: "మీరిద్దరూ ముందు ఒక మాటకు రాండప్పా. నాకు కనపడే ఆ కాసింత రంగు గూడా పోయేట్టుండాది."