మిర్చి మొయ్యని బండి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, మిర్చి కోతలు మొదలైన రోజులు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కనే నా రేకుల షెడ్డు. లారీలకూ వ్యాన్లకూ బాడీలు కడతాను. బడి మొహం నేను సరిగ్గా చూడలేదు. అక్షరాలు లారీల వెనక రాతల మీద దిద్దుకున్నాను, లెక్కలు రేకు కొలుస్తూ నేర్చుకున్నాను. అలాంటిది ఫోన్లో నాలుగు వీడియోలు చూసి వచ్చి నాకే పని చెప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. కేరవాన్ కట్టమని వచ్చే కుర్రాళ్ళు ముందు టీవీ ఎక్కడ తగిలించాలో చెబుతారు. బండి ఏదిరా అంటే, "ఏదో ఒకటి మీరే చూడండి" అంటారు.

ఏదో ఒకటి ఎలా కుదురుతుంది? కేరవాన్ అంటే మనిషి నిలబడి, పడుకుని, వండుకుని బతికే బండి. దాన్ని కట్టడానికి ఎంచుకునే అసలు బండిని బేస్ వ్యాన్ అంటాం. నా పనితనం అంతా ఆ తర్వాతి సంగతి. బేస్ వ్యాన్ తప్పయితే నేను లోపల టేకు చెక్క కొట్టినా దండగే.

ఆ రోజు వచ్చినాయన జోసెఫ్ మాస్టారు. గుంటూరు శివార్లలో చర్చి వాళ్ళ చిన్న బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన వెనకే భార్య సువార్తమ్మ ఆటో దిగి, నా షెడ్డు గుమ్మం దాకా నడిచి, అక్కడున్న స్టూలు మీద కూలబడింది. అంత చిన్న నడకకే ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"కేరవాన్ కావాలి మేస్త్రి గారూ."

"సినిమా ఏమన్నా తీస్తున్నారా మాస్టారూ?"

ఆయన నవ్వలేదు. "మా ఆవిడకి ఊపిరి కావాలండి," అన్నారు.

సువార్తమ్మ చిన్నప్పటి నుంచీ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. కోల్డ్ స్టోరేజీల ముందు గుట్టల చుట్టూ కూర్చుని, మూతికి కొంగు కట్టుకుని, తొడిమ తుంచి కాయ విసిరే ఆడవాళ్ళను గుంటూరు దారిలో చూడనివాళ్ళు ఉండరు. ఆ ఘాటు ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లోకి దిగింది. కోతలు మొదలైన దగ్గర్నుంచి గుంటూరు మిర్చి యార్డులో సరుకు పలచబడేదాకా ఆ గాలి తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తగిలితే ఈసారి ఆస్పత్రి నుంచి తిరిగి రావడం కష్టమన్నాడు.

"పోయినేడు బాపట్ల అవతల, సముద్రం దగ్గర ఇల్లు అద్దెకు తీసుకున్నామండీ," అన్నారు మాస్టారు. "వారం తిరక్కుండా పక్కింటివాళ్ళు డాబా నిండా మిరపకాయలు ఎండబోశారు. వాళ్ళనేమంటాం? వాళ్ళ డాబా, వాళ్ళ కారం."

సువార్తమ్మ అందుకుంది. రెండు మూడు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకుంటోంది. "గాలి తిరిగితే... ఇల్లు తిరగదు కదా... అన్నయ్యగారూ. అందుకని... తిరిగే ఇల్లు... కట్టండి."

ఇన్నేళ్ళలో నా దగ్గరికి కేరవాన్ కోసం వచ్చినవాళ్ళలో కారణం ఇంత సూటిగా చెప్పింది ఆవిడొక్కతే.

మాస్టారు అప్పటికే ఒక తెల్ల వ్యాను మీద మనసు పడ్డారు. పాత బండ్ల బ్రోకరు కోటయ్య దగ్గరుంది, చూడ్డానికి నన్నూ తీసుకెళ్ళారు. టాపు ఎత్తు, ఆరడుగుల మనిషి తల వంచకుండా నిలబడొచ్చు. వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, పొడుగు. మంచం అడ్డంగా కాకుండా నిలువుగా వేసుకోవచ్చు. వెనక బరువు మోసే కమాన్ పట్టీలు వంగలేదు. కొత్త రంగు తళతళలాడుతోంది.

"కొరియర్ బండి బాబాయ్. ఉత్త అట్టపెట్టెలు తప్ప ఇంకోటి ఎక్కలా," అన్నాడు కోటయ్య.

మాస్టారు లోపలికెక్కి గట్టిగా వాసన చూశారు. "ఏమీ లేదండీ," అన్నారు సంతోషంగా. నాకూ ఏమీ తగల్లేదు. కానీ మా ముక్కుల మాట నేను నమ్మను. ఈ నేల మీద పుట్టి, ఏటా నాలుగైదు నెలలు మిర్చి గాలే పీల్చేవాడికి మిర్చి వాసన విడిగా ఎక్కడ తెలుస్తుంది? బయటూరి డ్రైవరు యార్డు రోడ్డెక్కగానే తుమ్ముతాడు. మనం పక్కనే నిలబడి టీ తాగుతాం. ఈ జిల్లాలో బండి కొనేవాళ్ళందరూ చేసే పొరపాటు ఇదే. ముక్కుకు అలవాటవుతుంది, కంటికి మాత్రం ఎప్పటికీ కాదు.

నేను బండి కింద దూరి, నేల రేకును మోసే అడ్డ దూలాలు చూశాను. క్రాస్ మెంబర్లంటారు వాటిని, లోపలంతా బోలు. తడిపిన తెల్లగుడ్డను ఇనప చువ్వకు చుట్టి, ఒక దూలం బోలులోకి పోనిచ్చి తిప్పి లాగాను. గుడ్డకు వేలు రాసి, ఆ వేలు కంటి కొసకు తాకించాను.

"ఏంటి బాబాయ్, కాటుక పెట్టుకుంటున్నావా?" అని కోటయ్య పకపకా నవ్వాడు.

క్షణంలో నా కన్ను నిప్పయింది. నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఒరేయ్ కోటయ్యా! ఇలా రా. ఈ కొరియరేదో నీ కంట్లో కూడా పెడతాను, రా!"

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒక్క సీజను... ఒక్క సీజనే మిర్చి తోలారు బాబాయ్. శుభ్రంగా కడిగించాం కదా!"

"కడిగావు కాబట్టే పైనున్న కారమంతా దూలాల్లోకి దిగింది. ఎండకు రేకు కాగిన ప్రతిసారీ ఆవిరై పైకొస్తుంది. ఆవిడ నిద్రపోయేది దాని మీదరా!"

మాస్టారు ముఖం వాడిపోయింది. ఆయన్ను చూస్తే నాకు కోటయ్య మీద ఇంకా మండింది.

ఆ తర్వాత పిడుగురాళ్ళ వైపు ఒకటి చూశాం. అది సున్నం మోసిన బండి. సున్నానికి వానతడి తగిలితే రేకును లోపల్నుంచి తినేస్తుంది. సుత్తితో తడితే నా సుత్తి లోపలికి పోయింది. అద్దంకిలో చూసింది పత్తి బండి. ఫర్వాలేదనుకునేలోగా, తిరుగు ప్రయాణంలో ఏమెక్కించేవాడివని డ్రైవర్ని అడిగాను. "ఖాళీగా ఎవడొస్తాడండీ? మిర్చే," అన్నాడు. ఎక్కడికెళ్ళినా ఇదే పాట. ఈలోపు కల్లాలు కాయలతో ఎర్రబడుతున్నాయి. మాస్టారు ఫోన్ చేస్తే ఆయన గొంతు వెనక దగ్గు వినబడుతోంది.

ఇక ఈ సీజనుకు కుదరదని ముఖాముఖి చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి పక్కనే చర్చి. ఆవరణలో పరదా కప్పిన ఎత్తయిన బండి ఒకటి కనబడింది.

"అదేంటి మాస్టారూ?"

ఆయన తడబడ్డారు. "అది... అది వద్దులెండి. సమాధుల తోటకి శవపేటికలు తీసుకెళ్ళే బండి. చర్చి కమిటీవాళ్ళు ఐసు పెట్టె ఉన్న కొత్తది కొన్నారు. దీన్ని అమ్మేద్దామనుకుంటున్నారు."

నా కాళ్ళు అటే నడిచాయి. పరదా లాగాను. ఎత్తు టాపు, పొడుగు వీల్‌బేస్. చర్చికీ సమాధుల తోటకీ మధ్య తిరగడమే దాని బతుకు, కమాన్లు కొత్తవాటిలా ఉన్నాయి. ఏడ్చేవాళ్ళ వెనక నడక వేగంలో ఫస్టు గేరులో పోయిపోయి క్లచ్ ప్లేటు మాత్రం అరిగింది. ఎక్కువ తిరగని బండి కాబట్టి రబ్బరు గొట్టాలు బిగుసుకుపోయాయి. అవన్నీ మార్చుకునేవే. దూలంలోకి గుడ్డ పోనిచ్చి తీశాను. ఎండిన గులాబీ రేకులు రాలాయి. వేలు కంటికి తాకించి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డా చల్లగానే ఉంది.

"మాస్టారూ, దొరికింది!" అని అరిచాను.

ఆయన దగ్గరికి రాలేదు. "మా అమ్మను తీసుకెళ్ళింది ఇందులోనేనండీ," అన్నారు. "దీంట్లో మేం ఎలా పడుకుంటాం?"

సువార్తమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. వెనక తలుపు పట్టుకుని లోపలికి తొంగి చూసింది. నిదానంగా గాలి పీల్చి వదిలింది. దగ్గు రాలేదు.

"మీ అమ్మ... బతికున్నన్నాళ్ళూ... నన్ను ఏడిపించింది," అంది మొగుడి వైపు తిరిగి. "పోయాక... దగ్గు మాత్రం... తెప్పించదులెండి."

మాస్టారు ముందు బిత్తరపోయారు, తర్వాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. బేస్ వ్యాన్ ఖాయమైంది.

బండి రకం మార్చాలంటే ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి. వీడియోలవాళ్ళు ఈ మాట చెప్పి చావరు. ఆ తిరుగుడు నేనే తిరిగాను. మా పనివాళ్ళ అన్నం క్యారియర్లు షెడ్డు బయటే పెట్టించాను. ఆవకాయ తిన్న చేత్తో ఎవడూ లోపలి చెక్క ముట్టుకోకూడదన్నాను. "ఇది బండా, గుడా?" అని గొణిగారు. గొణుక్కోమన్నాను.

పని మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునేది ఒకటుంది. ఆ బండి నేల మీద శవపేటిక జారడానికి రెండు ఇనప పట్టాలున్నాయి. వాటిని కోసెయ్యమన్నారు మాస్టారు. నేను ససేమిరా అన్నాను. మన వంటలో తాలింపు లేకుండా కుదరదు, తాలింపులో ఎండుమిర్చి లేకుండా కుదరదు. మాస్టారు కారం మానే మనిషి కాదు. అందుకని పొయ్యి గట్టు మొత్తాన్ని ఆ పట్టాల మీద కూర్చోబెట్టాను. వెనక తలుపు తీసి లాగితే వంటిల్లు బయటికొస్తుంది. పొగ బయటే పోతుంది, మాస్టారు తాలింపు పెడుతుంటే ఆవిడ మధ్య తలుపేసుకుని లోపల ఉంటుంది. వేరే ఏ వ్యానులోనూ అంత బరువు మోసే పట్టాలు నాకు దొరికేవి కావు.

కోతలు ముమ్మరం కాకముందే వాళ్ళు బయల్దేరారు. కొన్నాళ్ళు సముద్రం ఒడ్డున, కొన్నాళ్ళు అరకు వైపు. గాలి మారినప్పుడల్లా మాస్టారు తాళం తిప్పారు.

అప్పటి నుంచీ నా దగ్గరికి ఎవరొచ్చినా, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని ముందు అడగను. ఏం మోసింది, అందులో పడుకునేది ఎవరు అని అడుగుతాను. ఇన్నేళ్ళూ బండి చూడ్డమంటే ఇనుము చూడ్డమే అనుకున్నాను. అందులో పీల్చే గాలిని కూడా చూడాలని ఆ ఏడే తెలిసింది.

తొలకరి పడ్డాక ఒక పొద్దున బండి నా షెడ్డు ముందు ఆగింది. సువార్తమ్మ దిగి, స్టూలు వైపైనా చూడకుండా తిన్నగా నా మీదికొచ్చింది.

"ఏం అన్నయ్యగారూ, ఆ గిన్నెల అర అంత ఎత్తున ఎవరి కోసం పెట్టారు, నేనేమన్నా తాటిచెట్టునా, ప్రతిసారీ ఈయన్ని పిలవాలంటే ఈయన చెవుడు ఈయనది, పిలిచి పిలిచి కూర మాడిపోతోంది, ఇవ్వాళ అది కిందికి దించితే గానీ నేనిక్కణ్ణుంచి కదలను!"

మధ్యలో ఊపిరి కోసం ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రతి మాటా నాకు అర్థమైంది, అయినా సుత్తి పక్కన పెట్టాను.

"అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు," అన్నాను.