నడుమ ఎవరు నిలబడాలి

మా అమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ ముగ్గురు మాత్రమే కలిసి ఉన్న ఫోటో మా ఇళ్ళలో ఒక్కటి కూడా ఉండేది కాదు. వాళ్ళ మధ్య గొడవలేమీ లేవు. పెద్దమ్మది రాంనగర్, మాది చిక్కడపల్లి, చిన్నమ్మది అశోక్ నగర్. ఒక ఇంట్లో వండిన కూర గిన్నె చల్లారకముందే ఇంకో ఇంటికి చేరేంత దగ్గర. పొద్దున ముగ్గురూ కూరగాయల బండి దగ్గర కలుసుకునేవాళ్ళు, మధ్యాహ్నం మళ్ళీ ఎవరో ఒకరి ఇంట్లో తేలేవాళ్ళు. ఫోటో మాత్రం ఇద్దరిద్దరే దిగేవాళ్ళు. ముగ్గురు కలిసి దిగితే నడుమ ఉన్న మనిషికి మంచిది కాదని మా అమ్మమ్మ గట్టిగా చెప్పి పోయింది. ఇద్దరైతే సరే, నలుగురైనా సరే, ముగ్గురు మాత్రం వద్దు.

ఈ పట్టింపు మా ఇంటి ఒక్కదానిదే కాదు. నారాయణగూడ స్టూడియోలో ముగ్గురు వెళ్ళి నిలబడితే, ఫోటో తీసే ఆయన ఎవరూ అడగకుండానే బయట నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచేవాడు. మా ఆల్బంలో మా చుట్టమూ కాని, ఎరిగినవాడూ కాని ఒక మీసాలాయన రెండు ఫోటోల్లో ఉన్నాడు. ఆయనెవరో ఇప్పటికీ మాకు తెలియదు. చాలా మర్యాదగా నిలబడ్డాడు.

నాకు ఇదంతా చాదస్తమనిపించేది. అసలే నాకు ముక్కు మీద కోపం. నా ఓణీల ఫంక్షన్ రోజు, అప్పుడు నాకు పన్నెండేళ్ళు, మా ఇంటి ముందు నీలం సున్నం వేసిన గోడ దగ్గర ముగ్గురూ ఫోటోలు దిగారు. ముందు పెద్దమ్మ, అమ్మ. తర్వాత పెద్దమ్మ పక్కకు తప్పుకుంటే అమ్మ, చిన్నమ్మ. ఆ తర్వాత అమ్మ తప్పుకుంటే మిగిలిన ఇద్దరు. అదే గోడ, అవే పట్టుచీరలు, అదే ఎండ. ఒక్కసారి అడుగు ముందుకు వేస్తే అయిపోయే పనికి మూడు ఫోటోలు ఖర్చు చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఫంక్షన్ నాది కదా, నాకు ఒక్కటే ఫోటో దక్కింది. పసుప్పచ్చ ఓణీ వేసుకుని, మూతి ముడుచుకుని, అదే గోడ ముందు ఒంటరిగా.

తొంభైల చివరికి వచ్చేసరికి నా డిగ్రీ అయిపోయింది. చిన్నమ్మ అప్పటికి అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలకు మెస్ నడిపేది. అక్కడ అన్నం తినేవాళ్ళంతా కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతూ తిరుగుతుంటే నాకు మాత్రం కంప్యూటర్ పిచ్చి పట్టింది. నారాయణగూడలో ఒక డీటీపీ సెంటర్‌లో చేరాను. కింద పెళ్ళికార్డుల దుకాణం, పైన మా గది. చెప్పులు మెట్ల దగ్గర విప్పి గుడిలోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళాలి. కిటికీలకు మందపాటి తెరలు, చల్లటి గాలి, చీకట్లో వెలిగే కంప్యూటర్ తెరలు. బయట ఎంత ఎండ కాసినా అక్కడ ఎప్పుడూ సాయంత్రం లాగే ఉండేది. స్కానర్ మూత కింద వెలుగు ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా పాకుతుంటే, నేను పని మరిచిపోయి చూస్తూ కూర్చునేదాన్ని. నిద్ర రాదు, మెలకువా ఉండదు. రోడ్డు మీది బస్సుల హారన్లు ఎక్కడో వేరే ఊళ్ళో మోగినట్టు వినిపించేవి.

ఫోటోలను పొరలుగా పేర్చడం నాకు అక్కడే వచ్చింది. సెంటర్ నడిపే సార్ మొదటి రోజే చెప్పారు.

“లేయర్ అంటే ఏం లేదమ్మా, ఉల్లిగడ్డ పొర లెక్క. ఒకదాని మీద ఒకటి ఉంటది. పైది కిందిదాన్ని మూస్తది, గంతే. కిందిది ఏడికి పోదు, ఆడనే ఉంటది.”

మనిషి చుట్టూ మౌస్‌తో గీత గీస్తే చుక్కలన్నీ చీమల బారులా కదలడం మొదలుపెట్టేవి. గోడనుంచి, నేలనుంచి, ఆ రోజునుంచి ఆ మనిషి విడిపోయి గాలిలో తేలేది. ఎక్కడికి జరిపితే అక్కడికి వచ్చేది. పెళ్ళికార్డుల మీద వధూవరులను అలా పక్కపక్కన నిలబెట్టేవాళ్ళం. వాళ్ళు అప్పటికి ఒకరినొకరు సరిగ్గా చూసుకుని కూడా ఉండరు.

ఆ ఎండాకాలంలో చిన్నమ్మ కడుపులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేస్తేగానీ అదెలాంటిదో చెప్పలేమన్నారు. చిన్నమ్మ ఏడవలేదు. మెస్ పిల్లలకు కొన్నాళ్ళు వేరే చోట భోజనం చూసుకోమని చెప్పి, తీరిగ్గా మా ఇంటికి వచ్చి కూర్చుని, “అక్కలిద్దరితోటి ఒక ఫోటో కావాలె” అంది.

“నలుగురం దిగుదాం, పిల్లను గూడ పిలుస్త” అంది పెద్దమ్మ నన్ను చూపిస్తూ.

“వద్దు. పెళ్ళిళ్ళల్ల యాభై తలకాయల నడుమ మస్తుగ ఉన్నం. ఉత్త మన ముగ్గురమే ఉన్నది కావాలె. దవాఖానకు తీస్కపోత.”

పెద్దమ్మ వినలేదు. మనమ్మ చెప్పిన మాట ఎట్ల దాటుతం, అదీ ఇట్లాంటప్పుడు, అంటూ లేచి వెళ్ళిపోయింది. చిన్నమ్మ మొహం అంత చిన్నబోవడం నేను అప్పుడే చూశాను. ఆపరేషన్ మాట చెప్పినప్పుడు కూడా అలా కాలేదు. నేనే అందుకున్నాను. మీరు ముగ్గురూ నిలబడక్కర్లేదు, ఆ పాత మూడు ఫోటోలు ఇస్తే నేనే ఒక్క పేజీ మీద కలిపేస్తాను అన్నాను. చిన్నమ్మ వెళ్ళి పెద్దమ్మను బతిమాలింది. మనం నిలబడతలేం కదా అక్కా, కంప్యూటర్లనే కదా అంది. పెద్దమ్మ అవుననలేదు, కాదనలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ సెంటర్ ఖాళీగా ఉంటుంది. ఆ వేళలోనే నేను మూడు ఫోటోలనూ స్కాన్ చేసి, ఒక్కొక్కరినీ విడదీశాను. నీలం గోడ మాత్రం అడుగున ఖాళీగా మిగిలింది. దాని మీద పెద్దమ్మ ఒక పొర, అమ్మ ఒక పొర, చిన్నమ్మ ఒక పొర. పదేళ్ళ కింది ఎండ ముగ్గురి మొహాల మీదా అలాగే ఉంది. ఆ తేలిపోయే మనుషులను జరుపుతూ ఉంటే నాకు ఏదో కలను సర్దుతున్నట్టుండేది.

రెండో రోజు మెట్ల మీద ఆయాసం వినిపించింది. పెద్దమ్మ. చెప్పులు విప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, నా పక్కన స్టూలు మీద కూర్చుంది. తెర మీద తనను తాను చూసుకుంది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

“నన్ను నడిమిట్ల పెట్టు.”

“నువ్వే కదా పెద్దమ్మా వద్దన్నది?”

“వద్దన్న. అది వినదాయె. ఆపరేషన్ ముందట దాని మాట ఎట్ల కాదంట? పెట్టేదే ఉంటే నన్ను పెట్టు. దానికి పిల్లలు చిన్నోళ్ళు. మీ అమ్మకు నువ్వున్నవ్. నేను మనవన్ని గూడ ఎత్తుకున్న, నాకేం కొదువ బిడ్డా.”

వచ్చినంత మెల్లగానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను చాదస్తమని ఎగతాళి చేస్తూ వచ్చిన మాటను ఆమె అంత నిజంగా నమ్ముతోందని, నమ్మే ఆ చోట నిలబడతానంటోందని అప్పుడు తెలిసింది.

ఇంటికి వెళితే అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నా వైపు చూడకుండానే, “ఫోటోల నన్ను నడుమ పెట్టు. అక్కకు చెప్పకు” అంది.

“ఎందుకు?”

“అక్కకు బీపీ ఉన్నది. చెల్లె పరిస్థితి గట్లున్నది. నేను మంచిగనే ఉన్న కదా.”

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సరే, రెండు రకాలుగా చేసి చూద్దాం, ఇందులో ఏముంది అనుకున్నాను. అమ్మ పొర మీద మౌస్ నొక్కి నడుమకు జరపబోయాను. చెయ్యి కదల్లేదు. ముగ్గురు దిగకూడదన్న మాటను నేను నమ్మను, నాకు తెలుసు. అయినా అమ్మను ఆ చోటికి జరపలేకపోయాను. పెద్దమ్మను జరిపాను, వెంటనే వెనక్కి లాగేశాను. నవ్విన నాపచేనే పండుతుందంటారు. నేను అన్నేళ్ళు నవ్విన భయం వచ్చి నా వేళ్ళ మీదే కూర్చుంది.

అలా చూస్తూ ఉంటే ఒక సంగతి కనిపించింది. ముగ్గురిలో ఒక్కరు కూడా కెమెరా వైపు చూడటం లేదు. అందరి కళ్ళూ కాస్త పక్కకు ఉన్నాయి. నిజమే, ప్రతి ఫోటోలోనూ ఒకరు తప్పుకుని ఫోటోగ్రాఫర్ పక్కన నిలబడ్డారు కదా. మిగిలిన ఇద్దరూ ఆమెనే చూస్తూ నవ్వారు. ఇప్పుడు ఆ తప్పుకున్నవాళ్ళు కూడా లోపలికి వచ్చేశారు. అయినా ముగ్గురూ బయట ఇంకెవరినో రమ్మంటున్నట్టు చూస్తున్నారు. ఆ రోజు ఫోటోగ్రాఫర్ పక్కన, తప్పుకున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని మూడుసార్లూ నిలబడి ఉన్నది నేను.

ఆల్బం నా సంచిలోనే ఉంది. మూతి ముడుచుకున్న నా ఫోటోను స్కానర్ మీద బోర్లించాను. వెలుగు పాకింది. పన్నెండేళ్ళ నన్ను గోడనుంచి విడదీసి, నీలం గోడకూ పెద్దమ్మకూ మధ్య పొరగా పెట్టాను. పెద్దమ్మను మెల్లగా నడుమకు తెచ్చి నా మీద నిలబెట్టాను. మా అందరిలో బొద్దుగా ఉండేది పెద్దమ్మే, నేను పూర్తిగా మునిగిపోయాను. అటు అమ్మ, ఇటు చిన్నమ్మ. చూడటానికి ముగ్గురే. లెక్కకు నలుగురు. కిందిది ఏడికి పోదు, ఆడనే ఉంటది. ఆ మాట అంత హాయిగా ఉంటుందని సార్ కూడా అనుకుని ఉండరు.

కరెంటు పోయే టైమవుతోంది. గబగబా పొరలన్నీ ఒక్కటిగా అతికించి ప్రింటు ఇచ్చాను. కాగితం చేతికి వచ్చి, కిటికీ తెర తొలగించి వెలుగులో చూసినప్పుడు తెలిసింది. పెద్దమ్మ మోచేతి కింద సన్నగా ఒక పసుప్పచ్చ అంచు బయటికి వచ్చింది. నా ఓణీ. అప్పటికే అన్నీ అతుక్కుపోయాయి, ఇక విడదీయడం కుదరదు. ఎవరు చూస్తారులే అనుకుని కవర్లో పెట్టాను.

ఆపరేషన్ రోజు పొద్దున వార్డులో చిన్నమ్మ ఫోటో అడిగింది. పెద్దమ్మ చాయ్ తేవడానికి ఫ్లాస్కు పట్టుకుని కిందికి పోయింది. చిన్నమ్మ మంచం మీద కూర్చుని ముగ్గురి మొహాల మీదా వేలితో తడుముతూ పోయింది. వేలు పెద్దమ్మ మోచేతి దగ్గర ఆగింది. ఆ ఓణీకి జరీ అంచు కుట్టింది చిన్నమ్మే. అమ్మ కూడా వంగి చూసింది. అమ్మ మొహం తెల్లబోయింది.

“నిన్ను నడుమ ఎందుకు పెట్టుకున్నవే?” అంది అమ్మ. “నేను అడిగింది నన్ను కదా.”

చిన్నమ్మే అమ్మ చేతిని దగ్గరకు తీసుకుని, ఆ చేతి వేలితోనే ఫోటో మీద లెక్క పెట్టించింది. అక్క, నువ్వు, నేను, ఇది. “నలుగురం ఉన్నమక్కా. ఇగ ఏం భయం?” అంది. ఫోటోను దిండు కింద పెట్టి నవ్వుకుంటూ ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళింది.

మేం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. పెద్దమ్మ దండం పెట్టుకుంటూనే ఉంది. మధ్యాహ్నానికి నర్సు వచ్చి గడ్డ తీసేశారని, భయపడేదేమీ లేదని చెప్పింది. అమ్మ ఏడ్చేసింది. పెద్దమ్మ ఏడవలేదు. చీర సర్దుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, రావాల్సిన బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

“చెల్లె బయటపడ్డది. ఇగ నాకేమన్న కానీ” అంది.

అమ్మ కళ్ళు తుడుచుకుని వార్డులోకి వెళ్ళి ఫోటో తెచ్చింది. పెద్దమ్మ కళ్ళద్దాలు ఇంట్లోనే మరిచిపోయింది. అమ్మ తన అద్దాలు తీసి ఆమెకు పెట్టి, వేలు పట్టుకుని ఆ అంచు మీద ఆనించింది.

“ఈడ ఏం కనవడుతుందక్కా?”

“పసుప్పచ్చగ ఏందో.”

“పిల్ల ఓణీ. నీ ఎనుక అది నిలవడ్డది. మనం ముగ్గురం కాదు.”

పెద్దమ్మ ఫోటోను చాలాసేపు మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత నన్ను చూసింది. అంతవరకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

“ఎప్పట్నించి ఉన్నవే బిడ్డా, నా ఎనుక?”

నేను లేచి వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య కూర్చున్నాను. పెద్దమ్మ ముక్కు తుడుచుకుని మమ్మల్ని అటూ ఇటూ చూసింది. ముగ్గురం. నన్ను భుజం పట్టి బెంచీ చివరకు జరిపి, తానే నడుమకు వచ్చి కూర్చుంది.