ఖాళీ వరుస దండగన్న పెద్దమనిషి

మా పెద్దమ్మ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు, ఆ సూపర్‌వైజర్ మీద.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కర్మాగారంలో పంతొమ్మిదేళ్ళు పనిచేసిందామె. మోకాళ్ళు అరిగాక ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఏ మెషిన్ ఎలా నడపాలో కంప్యూటర్లో రాసిపెట్టాలి. ఉత్త అక్షరాలు, గుర్తులతోనే రాత. వరుస మొదట్లో # పెట్టి కాస్త జాగా వదిలి రాస్తే, పనిచోట గోడ మీది తెరలో అది శీర్షిక అవుతుంది. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే లావుగా కనబడుతుంది. ఒక ఆదేశానికీ ఇంకోదానికీ మధ్య ఒక వరుస ఖాళీగా వదలాలి, లేకపోతే తెర మీద రెండూ కలిసిపోతాయి.

"ఇంతేనే, వంటకన్నా తేలిక," అనేది నాతో.

కొత్త సూపర్‌వైజర్‌కు అన్నీ తెలుసు, అడగడం తప్ప. పెద్దమ్మ సెలవులో ఉన్న రోజు, ఆవిరితో ఉతికే మెషిన్ కోసం ఆమె రాసిన ఫైలు తెరిచాడు. "ఈ చుక్కలేంటి, చెత్తలాగా?" అంటూ నక్షత్రాలు తుడిచేశాడు. దండగని ఖాళీ వరుసలూ తీసేశాడు. తన కంప్యూటర్లో ఒక్కో ఆదేశం ఒక్కో వరుసలో చక్కగానే ఉంది మరి! గోడ మీది తెర వైపు చూసిన పాపాన పోలేదు. అక్కడ పది ఆదేశాలూ కలిసి ఒకే ముద్దయ్యాయి. ఆవిరి పూర్తిగా పోయేదాకా తలుపు తీయకూడదన్న హెచ్చరిక ఆ ముద్దలో ఎక్కడో కూరుకుపోయింది.

మర్నాడు ఇస్త్రీ విభాగం నుంచి ఆ మెషిన్‌కు మారిన ఒకామె ఆవిరి పోకముందే తలుపు తీసింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

రాతలో తప్పు పెద్దమ్మదేనని రాసిన కాగితం ఆమె ముందు పెట్టి, సంతకం చేస్తే ఉద్యోగం ఉంటుందన్నాడు సూపర్‌వైజర్.

"ఒక్క ఖాళీకి ఇంత రాద్ధాంతమెందుకమ్మా? సంతకం పెట్టేయండి."

పెద్దమ్మ అతని కీబోర్డు లాక్కుంది. హెచ్చరికకు పైనా కిందా ఖాళీ వదిలింది, నక్షత్రాలు పెట్టింది. అతన్ని రెక్క పట్టుకుని గోడ తెర ముందుకు లాక్కెళ్ళింది. హెచ్చరిక లావుగా, విడిగా, గుమ్మం నుంచే కనబడుతోంది. పనివాళ్ళంతా మెషిన్లు ఆపి నిలబడ్డారు.

"గట్టిగా చదువు," అంది, అంతవరకూ అతన్ని మీరు అంటూ వచ్చిన మనిషి.

గొణిగాడు.

"ఆసుపత్రికెళ్ళి ఆమెకీ చదివి వినిపించు. ఆమె ఆ చేత్తో పెన్ను పట్టుకున్న రోజు చెప్పు, నేనూ సంతకం పెడతా."

సాయంత్రానికల్లా పెద్దమ్మను పనిలోంచి తీసేశారు. సంతకం మాత్రం పెట్టించుకోలేకపోయారు.